బడి రాసిన మాటే చివరి మాట కాదు

వేసవి సెలవులు ముగిసి జూన్ నెల వచ్చిందంటే ఊళ్లలో బడులు మారే సందడి మొదలవుతుంది. అయిదో తరగతి అయిపోయి పెద్ద ఊరి హైస్కూలుకు వెళ్లేవారు కొందరు, పనులకోసం ఊరు మారే కుటుంబాలు కొన్ని, హాస్టలులో సీటు దొరికినవారు మరికొందరు. అందరి చేతుల్లోనూ ఒక కాగితం ఉంటుంది. చిన్న బడిలో దానిని రికార్డు షీటు అంటారు, హైస్కూలులో టి.సి. అంటారు. పేరు, పుట్టిన తేదీ, పుట్టుమచ్చలు, చదివిన తరగతి, వీటితోపాటు 'ప్రవర్తన' అనే ఒక గడి అందులో ఉంటుంది. ఎక్కువమంది పిల్లలకు అక్కడ 'సంతృప్తికరం' అని రాస్తారు. ఆ మాటను ఎవరూ రెండోసారి చదవరు.

అయితే కొందరి విషయంలో అలా జరగదు. ఎదుగుదల ఆలస్యమైన బిడ్డ, సరిగా వినబడని బిడ్డ, ఒకచోట కూర్చోలేని బిడ్డ, మాట తడబడే బిడ్డ - ఇలాంటి పిల్లల కాగితం మీద 'మాట వినడు', 'తోటి పిల్లలకు ఇబ్బంది', 'మామూలు బడిలో చదవలేదు' అన్న మాటలు కనబడతాయి. కొత్త బడివారు ఆ గడి చూసి, "సీట్లు అయిపోయాయండీ" అంటారు. బిడ్డ ఇంటికి తిరిగి వస్తుంది. ఒక సంవత్సరం గడుస్తుంది. రెండో సంవత్సరం మేకల వెంబడి వెళుతుంది, లేదా చంటి తమ్ముణ్ణి ఎత్తుకొని అరుగుమీద కూర్చుంటుంది. ఒక్క గడిలోని రెండు మాటలు ఒక బిడ్డ చదువునే ఆపివేయగలవు. అందుకే ఈ నెల మేము ఈ విషయం రాస్తున్నాము.

కాగితాన్ని చింపవద్దు, దిద్దవద్దు

ఇలాంటి రాత చూడగానే తండ్రికి కోపం వస్తుంది, తల్లికి దుఃఖం వస్తుంది. కోపంలో చింపివేసినవారున్నారు. అక్షరాలు గీకి వేరేమాట రాయించినవారూ ఉన్నారు. దయచేసి ఈ రెండూ చేయకండి. బడి ఇచ్చిన సర్టిఫికెటును దిద్దడం నేరం. పైగా బడి రిజిస్టరులో అసలు రాత అలాగే ఉంటుంది. అది బయటపడిన రోజున మీరు చెప్పే నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు. ముందుగా ఆ కాగితానికి రెండు జిరాక్సు కాపీలు తీయించి భద్రపరచండి.

తరువాత నెమ్మదిగా కూర్చొని చదవండి. చదివేటప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది ఉపాధ్యాయుడు కళ్లతో చూసిన సంగతా, లేక ఆయన అభిప్రాయమా? 'మధ్యాహ్నం తరువాత పాఠం వినకుండా బయటికి వెళతాడు' అన్నది చూసిన సంగతి. దానితో మనం ఏదైనా చేయవచ్చు. 'చదువుకు పనికిరాడు' అన్నది అభిప్రాయం. అది బిడ్డ గురించి మనకేమీ చెప్పదు.

మాట వినడా, మాట వినబడదా?

బడి రాసిన మాట వెనుక తరచుగా ఇంకొక కారణం దాగి ఉంటుంది. 'మాట వినడు' అని రాసిన పిల్లవాడికి నిజంగా మాట వినబడకపోవచ్చు. చెవిలో చీము కారే జబ్బు మన పల్లెల్లో పిల్లలకు సాధారణంగా వచ్చేదే. దానివల్ల వినికిడి తగ్గితే, వెనుక బెంచీలో కూర్చున్న బిడ్డకు మేష్టారి మాటల్లో సగమే అందుతాయి. అడిగినదానికి జవాబు చెప్పడు, చెప్పిన పని చేయడు. చూసేవారికి అది మొండితనంలా కనబడుతుంది.

'పరధ్యానం' అని రాసిన అమ్మాయికి మూర్ఛవ్యాధిలో ఒక రకం ఉండవచ్చు. ఈ రకంలో బిడ్డ కింద పడదు, నురగ రాదు. కొన్ని క్షణాలపాటు చూపు నిలిచిపోయి మళ్లీ మామూలవుతుంది. అది రోజుకు చాలాసార్లు వస్తే పాఠం ముక్కలు ముక్కలుగా వినబడుతుంది. మందులతో అదుపు చేయగల జబ్బు ఇది.

'బద్ధకస్తుడు, చదవడు' అన్న పిల్లవాడు నోటితో అడిగితే చక్కగా జవాబు చెబుతూ, పుస్తకం తెరిస్తే మాత్రం అక్షరాలు తారుమారు చేస్తున్నాడా? అది డిస్లెక్సియా అనే చదువు ఇబ్బంది కావచ్చు. తెలివికీ దానికీ సంబంధం లేదు. 'అల్లరి, అరుస్తాడు' అన్న పిల్లవాడికి ఆటిజం ఉండి, బడి గంట మోత, ప్రార్థన సమయంలో మైకు శబ్దం భరించలేకపోతుండవచ్చు.

ఇవన్నీ మీ బిడ్డకు ఉన్నాయని మేము చెప్పడంలేదు. అది డాక్టరు చూసి చెప్పవలసిన మాట. అయితే బడి రాసిన మాటను తీర్పుగా గాక ఒక గుర్తుగా తీసుకొంటే, అది మనల్ని సరైన చోటికి నడిపిస్తుంది. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వచ్చి పిల్లలను పరీక్షిస్తాయి. మండలాలలో భవిత కేంద్రాలు ఉన్నాయి. అక్కడ ప్రత్యేక అవసరాలుగల పిల్లలకు నేర్పే ఉపాధ్యాయులు ఉంటారు. వైకల్య పరీక్ష సదరం పేరుతో మనవారికి తెలిసినదే. ఇప్పుడు దేశమంతటా చెల్లే యు.డి.ఐ.డి. కార్డు ఇస్తున్నారు. ఎదుగుదలలో వెనుకబడిన పిల్లల కోసం 1984లో సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో ప్రారంభమైన జాతీయ సంస్థ కూడా మన దగ్గరే ఉంది.

హెడ్‌మాస్టరు దగ్గరకు ఎలా వెళ్లాలి?

పాత బడికి పోట్లాటకు వెళ్లవద్దు. భార్యాభర్తలిద్దరూ కలిసి, లేదా మాట నేర్పుగల పెద్దవారినొకరిని వెంటబెట్టుకొని, గంట కొట్టే వేళ కాకుండా తీరిక వేళలో వెళ్లండి. "అయ్యా, మా బిడ్డ గురించి ఇలా రాశారు. ఏ సందర్భంలో అలా అనిపించింది? ఎన్నిసార్లు జరిగింది? అప్పుడు ఏం చేస్తే తగ్గింది?" అని ఈ మూడు సంగతులే అడగండి. మంచి ఉపాధ్యాయునికి మూడో ప్రశ్నకు తప్పకుండా ఏదో జవాబు తెలిసి ఉంటుంది. ఆ జవాబే కొత్త బడికి అన్నిటికంటె ఎక్కువ పనికివచ్చేది.

ఆ తరువాత, అభిప్రాయంగా రాసిన మాటను తీసివేసి జరిగిన సంగతి మాత్రం రాయమని వినయంగా కోరండి. నోటితో అడిగి ఊరుకోవద్దు. ఒక అర్జీ రాసి ఇచ్చి, మీ కాపీమీద తేదీతో సంతకం తీసుకోండి. హెడ్‌మాస్టరు కాదంటే అదే అర్జీ మండల విద్యాధికారికి, ఆ తరువాత జిల్లా విద్యాధికారికి పంపవచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక. కొన్ని బడులు బిడ్డను వదిలించుకోవాలనుకొన్నప్పుడు, "మీ ఇష్టపూర్వకంగా తీసుకొని వెళుతున్నట్టు రాసివ్వండి, మంచి టి.సి. ఇస్తాము" అంటాయి. బడి మానాలన్న ఆలోచన మీది కానప్పుడు అలాంటి కాగితంమీద సంతకం గాని, వేలిముద్ర గాని వేయవద్దు. తరువాత మీరు ఎక్కడికి వెళ్లినా ఆ సంతకమే మీకు అడ్డు వస్తుంది.

రెండో కాగితం మీరు రాయండి

బడి ఒక కాగితం రాసింది. దాని పక్కన పెట్టడానికి మనవైపు నుండి ఇంకొక కాగితం కావాలి. పొగడ్తలు అక్కరలేదు, ప్రాధేయపడనక్కరలేదు. ఒక పేజీ చాలు. ఇలా ఉండవచ్చు:

"మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. వందలోపు కూడికలు చేస్తాడు. రెండు మూడు పనులు ఒకేసారి చెబితే తడబడతాడు, ఒక్కొక్కటిగా చెబితే చేస్తాడు. గంట గట్టిగా మోగితే చెవులు మూసుకొంటాడు. అప్పుడు అయిదు నిమిషాలు వరండాలో కూర్చోనిస్తే తానే లోపలికి వస్తాడు. బయటికి వెళ్లాలని నోటితో అడగలేడు, చిటికెన వేలు చూపిస్తాడు. ముందు బెంచీలో కూర్చోబెడితే బాగా వింటాడు."

చదువు రాని తల్లిదండ్రులు చెబుతుంటే చదువుకొన్నవారు రాసిపెట్టవచ్చు. బిడ్డను వారం వారం చూసే సండేస్కూలు టీచరు, భవిత కేంద్రం ఉపాధ్యాయురాలు, వైద్యుడు తాము స్వయంగా చూసినదానిని రెండేసి వాక్యాల్లో రాసి ఇస్తే ఇంకా మంచిది. ఒక్క బడి రాసిన మాట పక్కన ముగ్గురు సాక్షులు ఉన్నట్టవుతుంది.

కొత్త బడికి ముందే చెప్పాలా?

చాలామంది మమ్మల్ని అడిగే ప్రశ్న ఇది. "చెబితే సీటు ఇవ్వరేమో, చేరిన తరువాత వారే తెలుసుకొంటారులే" అని కొందరి ఆలోచన. వారి భయం మాకు అర్థమవుతుంది. అయినా చెప్పడమే మంచిదని మా అభిప్రాయం. దాచిపెట్టి చేర్చిన బిడ్డ మొదటి వారంలోనే చెవులు మూసుకొని అరిస్తే, తెలియని టీచరు బెత్తం పట్టుకొంటుంది. తెలిసిన టీచరు వరండాలోకి పంపుతుంది. బిడ్డ వీపుమీద పడే దెబ్బకంటె మనం ముందుగా చెప్పే మాట బరువు తక్కువ. పాత బడి కాగితం, మీరు రాసిన కాగితం రెండూ కలిపి ఇవ్వండి. మొదటిది ఒక్కటే ఇవ్వకండి.

చట్టం ఏమి చెబుతోంది?

2010 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం ఆరు నుండి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ చదువు హక్కు ఇచ్చింది. ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకు మారే బిడ్డకు హెడ్‌మాస్టరు వెంటనే టి.సి. ఇవ్వాలి. అది ఆలస్యమైందన్న కారణంతో కొత్త బడి ప్రవేశం ఆపకూడదు. ఎనిమిదో తరగతి పూర్తయ్యేవరకు ఏ బిడ్డనూ బడి నుండి వెళ్లగొట్టకూడదు. 2019లో వచ్చిన సవరణ అయిదు, ఎనిమిది తరగతుల్లో ఆపే వీలు ఇచ్చిందే గాని, వెళ్లగొట్టే వీలు ఇవ్వలేదు. బిడ్డకు, తల్లిదండ్రులకు పరీక్ష పెట్టి చేర్చుకోవడం కూడా నిషిద్ధం. అలా చేసిన బడికి మొదటిసారి 25,000 రూపాయల వరకు, ఆ తరువాత ప్రతిసారి 50,000 రూపాయల వరకు జరిమానా ఉంది.

2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ప్రభుత్వ గుర్తింపు పొందిన బడులు వివక్ష లేకుండా ఈ పిల్లలను చేర్చుకోవాలన్నది దాని ఉద్దేశం. నలభై శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెటు ఉన్న బిడ్డకు ఆరు నుండి పద్దెనిమిదేళ్ల వరకు దగ్గరలోని బడిలో గాని, కోరుకొన్న ప్రత్యేక బడిలో గాని ఉచితంగా చదివే హక్కు ఉంది. అంటే ప్రవర్తన గడిలోని ఒక మాట ఈ హక్కులను తుడిచివేయలేదు.

మన చేతిలో ఉన్న బడులు

క్రైస్తవ కుటుంబాలుగా మనం ఇంకొక సంగతి కూడా ఆలోచించాలి. మైనారిటీ సంస్థలు నడిపే బడులకు విద్యాహక్కు చట్టం వర్తించదని 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పును మళ్లీ పరిశీలించవలసి ఉందని 2025లో అదే కోర్టులోని మరొక ధర్మాసనం అభిప్రాయపడింది. కోర్టులు ఏమి తేల్చినా, 'ఆ చట్టం మాకు వర్తించదు' అన్న మాటను మన మిషను బడులు ఒక బలహీనమైన బిడ్డకు తలుపు మూయడానికి వాడుకోవచ్చునా? మన బడుల కమిటీలలో ఉన్న పెద్దలు దీనికి జవాబు చెప్పాలి.

ఉపాధ్యాయుల కష్టం కూడా మేము మరచిపోలేదు. ఒక్కరే మూడు తరగతులు చూసే బడులు మన పల్లెల్లో ఇంకా ఉన్నాయి. విసుగు రావడం సహజం. కాని ఆ విసుగు ఒక సాయంత్రంతో పోతుంది, కాగితంమీద రాసింది మాత్రం బిడ్డ వెంట ఏళ్ల తరబడి నడుస్తుంది. మన సంఘాల్లో ఉపాధ్యాయులు ఎంతోమంది ఉన్నారు. రాసే ముందు ఒక్క నిమిషం ఆగి, చూసినదే రాయండి. ఏం చేస్తే ఆ బిడ్డ కుదురుకొందో అది కూడా రాయండి.

తల్లిదండ్రులారా, చివరిగా ఒక్క మనవి. ఆ కాగితాన్ని బిడ్డ ముందు బిగ్గరగా చదవకండి. బంధువులకు చూపించి బాధపడకండి. "నిన్ను ఎవరూ చేర్చుకోరు" అన్న మాట కోపంలో కూడా అనకండి. మాటలు రాని బిడ్డకు సైతం మాటలు అర్థమవుతాయి. ఈ వారమే వీలుచూసుకొని భవిత కేంద్రానికి వెళ్లి రండి. రాత్రి దీపం దగ్గర కూర్చొని ఆ ఒక్క పేజీ రాయడం మొదలుపెట్టండి. మీ బిడ్డ చేయగల పనితో మొదటి వాక్యం రాయండి.