మంగినపూడి సముద్ర తీరము

అనావృష్టికి పేరుపడిన అనంతపురం జిల్లాలో పుట్టి, పెన్నా నది ఇసుకలో చెలమలు త్రవ్వి నీరు తోడుకొనుట ఎరిగిన మనకు సముద్ర దర్శనము అపురూపమైన విషయము. విహారయాత్ర యనగానే విద్యార్థులు విశాఖపట్టణమునే కోరుదురు. సందడి లేని తీరమును చూడగోరువారికి కృష్ణా జిల్లాలోని మచిలీపట్టణమును, దానికి సుమారు 11 కిలోమీటర్ల దూరమున నున్న మంగినపూడియును తగినవని మా అభిప్రాయము. అచ్చట చూడవలసిన దేమో, తెలిసికొనవలసిన దేమో సంగ్రహముగా వివరింతుము.

తాడిపత్రి నుండి విజయవాడ చేరినచో అచ్చటి నుండి రైలు, బస్సు రెండును కలవు. రైలు మార్గము మచిలీపట్టణముతో ముగియును. జనులు ఈ పట్టణమును బందరు అందురు. ఇది ఫార్సీ పదము. ఓడరేవు అని అర్థము. ఉర్దూ చదివిన మన మిత్రులకు ఆ పేరే పట్టణ చరిత్రను తెలుపగలదు. గోల్కొండ కుతుబ్‌షాహీ సుల్తానుల కాలమున ఇది వారి ప్రధానమైన రేవు. అద్దకపు వస్త్రములు ఇచ్చటి నుండి పారశీక దేశమునకు ఎగుమతి అయ్యెడివి. మక్కా యాత్రికులు ఇచ్చటనే ఓడ లెక్కెడివారు. 1611లో ఆంగ్లేయులు ఇచ్చట వర్తకస్థానము నెలకొల్పిరి.

అంతటి రేవు నేడు ఇంత నెమ్మదిగా నుండుటకు కారణ మేమి? కృష్ణానది వేల యేండ్లుగా మోసికొని వచ్చిన ఒండ్రుమట్టియే ముఖ్య కారణము. ఆ మట్టి పేరుకొనుటచే తీరమున లోతు తక్కువ. పెద్ద ఓడలు ఒడ్డునకు రాలేక దూరముననే లంగరు వేసెడివి. సరకులను పడవలపై చేరవేయవలసి వచ్చెడిది. చెన్నపట్టణము, ఆ పిదప విశాఖ రేవులు వృద్ధి చెందగా బందరు వర్తకము క్షీణించినది. మంగినపూడి వద్ద క్రొత్త రేవు నిర్మాణము 2023లో ఆరంభమైనది.

మన ఊరి నేల బండ. మంగినపూడి నేల మెత్తని నల్లమట్టి. తెల్లని ఇసుక నాశించి పోయినవారు మొదట నిరాశ చెందవచ్చును. అయినను సాధారణ దినములలో అలలు చిన్నవి. లోతు క్రమక్రమముగా పెరుగును. కుటుంబములు పిల్లలతో స్నానమునకు వచ్చుటకు ఇదియే కారణము.

విద్యార్థులు ముఖ్యముగా గ్రహింపవలసిన విషయ మొకటి కలదు. స్నానమునకు అనుకూలమైన ఆ లోతులేనితనమే తుఫాను నాడు ప్రాణాంతక మగును. గాలి త్రోసికొని వచ్చు నీరు లోతైన సముద్రమున క్రిందుగా మరలిపోగలదు. లోతులేనిచోట పోవుటకు దారి లేక ఎత్తుగా లేచి, పల్లపు భూమిపై మైళ్ళ కొలది ప్రాకును. దీనినే ఉప్పెన యందురు. 1864 నవంబరు 1వ తేదీన వచ్చిన ఉప్పెనలో బందరు ప్రాంతమున సుమారు 30,000 మంది మరణించిరి. 1977 నవంబరు 19న సమీపమున నున్న దివిసీమ వేలాది ప్రాణములను కోల్పోయినది. ఆ పిమ్మట తీర గ్రామములలో తుఫాను రక్షణ భవనములు నిర్మింపబడినవి. బందరులో తుఫానులను కనిపెట్టు రాడారు కేంద్రము కలదు.

కావున కళాశాల సంఘమువారు యాత్ర నేర్పాటు చేయునప్పుడు అక్టోబరు మొదలు డిసెంబరు వరకు గల తుఫాను కాలమును విడిచి, జనవరి, ఫిబ్రవరి మాసములను ఎన్నుకొనుట మేలు. ఈత రానివారు మోకాలి లోతు దాటరాదు. సముద్రము ఆనాడు ఎట్లున్నదో స్థానిక జాలరుల నడిగి తెలిసికొనవలెను. వారు వలదన్నచో ఒడ్డుననే కూర్చుండుట వివేకము.

వేరొక సంగతియు మనము తలపోయదగినది. నైరుతి మేఘములను పడమటి కనుమలు అడ్డగించుటచే మన సీమకు వర్షము కొరవడును. వేరుసెనగ చేను ఎండుచున్న వేళ బంగాళాఖాతమున వాయుగుండము పుట్టినదని వినినచో మన రైతునకు ఆశ చిగురించును. ఆ వార్తకే బందరు జాలరి పడవను ఒడ్డునకు లాగి, పిల్లలను వెంటబెట్టుకొని మెరకకు చేరును. మనకు వాన నొసగు గాలియే వారికి గండ మగుచున్నది. మంగినపూడి తీరమున నిలిచినప్పుడు మన విద్యార్థులు ఈ సంబంధమును స్మరించినచో ఆ యాత్ర సార్థక మగునని మా విశ్వాసము.