మొదటి రోజు లేని తరగతి

పర్ణశాల (మా విలేకరి): ఏ ఊరి బడిలోనైనా పదవ తరగతి పిల్లలు వీడ్కోలు చెప్పుకునే నాడు ముందుగా తలుచుకునేది ఆరవ తరగతిలో చేరిన మొదటి రోజునే. కొత్త సంచీ, కొత్త సార్లు, ఎవరి పక్కన కూర్చోవాలో తెలియక గుమ్మం దగ్గరే నిలబడిపోవటం, ఇవన్నీ చెప్పుకుని నవ్వుకుంటారు. 2025 మార్చిలో పదవ తరగతి ముగించిన మన ప్రాంతపు పిల్లలకు మాత్రం ఆ ముచ్చట లేదు. వారు ఆరవ తరగతికి వచ్చింది 2020లో. కరోనా కారణంగా ఆ ఏడు బడి తలుపులే తెరవలేదు. ఇక మొదటి రోజు ఎక్కడిది?

పర్ణశాల పరిసర గ్రామాల పిల్లలు చదువుకునే ఒక ఉన్నత పాఠశాలలో పరీక్షలకు ముందు జరిగిన వీడ్కోలు సభలో ఈ విషయం మీదే పిల్లల మధ్య పెద్ద వాదం నడిచింది. మనమంతా మొదటిసారి కలిసింది ఎప్పుడు అని ఒక ఉపాధ్యాయురాలు అడిగితే నాలుగు రకాల జవాబులు వచ్చాయి.

2020 సెప్టెంబరు 1న రాష్ట్రంలో టీవీ పాఠాలు మొదలయ్యాయి. దూరదర్శన్ యాదగిరిలోనూ టీ-శాట్‌లోనూ వచ్చే పాఠాలు చూడమన్నారు. టీవీ ఉన్న ఇంట్లో కరెంటు ఉండాలి, కరెంటు ఉన్నా ఆ వేళకు పిల్లవాడు ఇంటి పట్టున ఉండాలి. టీవీ లేనివారు చుట్టాల ఇంటి అరుగు మీద చేరారు. ఫోను ఉన్నవారు సిగ్నలు కోసం చెరువు గట్టు ఎక్కారు. ఎవరి ఊళ్లో వారు, ఎవరి గట్టు మీద వారు. ఒకే తరగతి పిల్లలమని వారికి తెలియనే తెలియదు.

2021 ఫిబ్రవరి 24 నుంచి ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు బడులు తెరిచారు. సరిగ్గా నెల తిరిగేసరికి మార్చి 24న మళ్లీ మూశారు. ఆరవ తరగతి అంతటికీ వీరు బడిలో కూర్చున్నది ఆ నాలుగు వారాలే. అది కూడా ముఖాలకు మాస్కులతో. మా బెంచీ మీద కూర్చున్న పిల్లకు పన్ను మీద పన్ను ఉందని ఏడవ తరగతిలో గాని తెలియలేదని ఒక విద్యార్థిని చెబితే సభ అంతా గొల్లుమంది. ఏడవ తరగతి కూడా టీవీతోనే మొదలై, 2021 సెప్టెంబరు 1న గాని బడి గంట మోగలేదు. 2022 జనవరిలో మళ్లీ కొన్నాళ్లు సెలవులు.

మరో విద్యార్థిని లేచి, తనకు మొదటి రోజు వరద రోజే అని చెప్పింది. అది విని నవ్విన వారు లేరు.

2022 జులైలో గోదావరి సంగతి ఈ ఒడ్డున ఎవరికీ చెప్పనక్కరలేదు. 53 అడుగులకే భద్రాచలంలో మూడవ ప్రమాద హెచ్చరిక ఎగరవేస్తారు. ఆ నెల 16న నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టు 16న వచ్చిన 75.6 అడుగుల వరద తర్వాత ఇంత నీరు రాలేదు. పర్ణశాలలో సీతమ్మ నారచీరల చోటు మునిగింది, సీతవాగుకూ గోదావరికీ తేడా లేకుండా పోయింది. లోతట్టు ఊళ్ల వారిని మెరక మీది బడులకు తరలించారు. ఈ పిల్లలు అప్పుడే ఎనిమిదిలోకి వచ్చారు. పాఠం చెప్పుకోవలసిన గదిలో చాపలు పరుచుకుని, ఒక మూల బియ్యం మూటలు, ఇంకొక మూల కోళ్ల గంపలు పెట్టుకుని పడుకున్నారు. తరగతిలో ఎడంగా కూర్చునే ఇద్దరు ఆడపిల్లల కుటుంబాలు ఒకే గదిలో పడ్డాయి. వారిలో ఒకరిది కోయగూడెం. ఆ నాలుగైదు రోజుల్లో ఒకరి అమ్మను ఒకరు అత్తా అని పిలవటం అలవాటయింది. పదవ తరగతి పూర్తయ్యేదాకా ఆ ఇద్దరూ ఒక బెంచీ మీదే కూర్చున్నారు.

నీరు తీశాక ఇళ్లకు పోతే పుస్తకాలన్నీ బురద ముద్దలు. సీతమ్మ చీర ఆరేసుకున్న బండ మీదే మేము సోషల్ పుస్తకం ఆరేశామని ఒక కుర్రవాడు గొప్పగా చెప్పబోతే, అక్కడ మోకాలి లోతు బురద ఉంది, నువ్వు ఆరేసింది మీ బాబాయి డాబా మీద అని పక్కవాడు సరిచేశాడు.

నవ్వుల మాట అటుంచితే, సభలో ఒక ఉపాధ్యాయుడు మాట్లాడిన తీరు చెప్పుకోదగ్గది. మామూలుగా ఇటువంటి సభల్లో క్రమశిక్షణ మీద ఉపన్యాసం ఉంటుంది. ఆయన అది మాని, ఆరూ ఏడూ తరగతుల పాఠాలు మీకు సరిగా చెప్పకుండానే పైకి పంపామని ఒప్పుకున్నారు. ఇంట్లో కోయ భాష మాట్లాడే పిల్లలకు బడే తెలుగు నేర్పే చోటు. బడి మూతబడ్డ నెలల్లో చాలామందికి ఒత్తులు, గుణింతాలు కూడా తడబడ్డాయి. తొమ్మిదవ తరగతిలో భిన్నాలు మళ్లీ మొదటి నుంచి చెప్పవలసి వచ్చింది. సాయంత్రం ప్రత్యేక తరగతులు పెట్టి, వచ్చినవారు రానివారికి చెప్పే ఏర్పాటు చేశారు. గట్టెక్కించింది ఈ ఏర్పాటేనని పిల్లలు కూడా అన్నారు.

హాజరు పట్టీలో ఉండి ఫోటోలో లేనివారి సంగతి కూడా వచ్చింది. మన మండలంలో మాఘ, ఫాల్గుణ మాసాలు మిరప కోతల కాలం. పెద్దలతోపాటు పిల్లలూ తోటలకు పోతారు. కొందరు కోతలయ్యాక వచ్చారు, కొందరు రాలేదు. ఒక అమ్మాయికి తొమ్మిదిలోనే పెళ్లి మాటలు నడిస్తే, తోటి ఆడపిల్లలు టీచరును వెంటబెట్టుకుని గూడేనికి నడిచి వెళ్లి పెద్దలతో మాట్లాడారు. ఆమె ఫోటోలో ముందు వరసలో ఉంది. అదే విధంగా వెళ్లి వట్టి చేతులతో తిరిగి వచ్చిన రోజు కూడా ఉంది. ఆ పేరు ఎవరూ పైకి అనలేదు గాని, సభలో కొంతసేపు మాటలు ఆగిపోయాయి. ఇది ఒక్క బడి సమస్య కాదు. పదవ తరగతి దాకా లాక్కొచ్చిన పిల్లను అక్కడే వదిలేస్తే ఇన్నాళ్ల శ్రమా వాగులో పోసినట్లే గదా!

మార్చి 21న మొదలైన పరీక్షలు ఏప్రిల్ మొదటి వారంలో ముగిశాయి. తిరిగి మార్కులు ఇచ్చిన మొదటి ఏడు వీరిదే కావటం విశేషం. ఏప్రిల్ 6న శ్రీరామనవమికి పర్ణశాల జనంతో కిటకిటలాడుతుంటే, వీరిలో కొందరు సీతవాగు దగ్గర కలుసుకున్నారు. అప్పటికే అడవిలో ఇప్పపువ్వు రాలుతోంది. తునికాకు కోత రాబోతోంది. యాభై ఆకులు ఒక కట్ట. తెల్లవారుజామున అడవికి పోయి, మధ్యాహ్నం దాకా కట్టలు కడితే ఆ డబ్బుతో కాలేజీ బట్టలు వస్తాయని ఆడపిల్లలు లెక్కలు వేసుకున్నారు.

ఏప్రిల్ 30న ఫలితాలు వచ్చాయి. రాష్ట్రం మొత్తం మీద 92.78 శాతం ఉత్తీర్ణులయ్యారు. ఆ తర్వాతే అసలు చిక్కు. ఇంటర్‌కు భద్రాచలం పోవాలంటే ముప్పై పైచిలుకు కిలోమీటర్లు. 2014లో జరిగిన విభజన వల్ల మధ్యలో కన్నాయిగూడెం, ఎటపాక వంటి ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌లోకి పోయాయి. మన పిల్ల తెలంగాణలో బస్సెక్కి, ఆంధ్రలో నుంచి పోయి, తెలంగాణలో దిగాలి. బస్సు తప్పితే ఆ పూట చదువు పోయినట్లే. గురుకుల కళాశాలలో సీటు దొరికితే ఈ తిప్పలు ఉండవని తల్లిదండ్రుల ఆశ. అందరికీ సీట్లు ఎక్కడివి? ఉదయం కాలేజీ వేళకు, సాయంత్రం చీకటి పడకముందు ఒక్కొక్క బస్సు కచ్చితంగా నడిస్తే చాలునని వారు కోరుతున్నారు.

జూన్ మొదట్లో ఒక ఉదయం బస్సులో ఈ తరగతి పిల్లలు ముగ్గురు కనిపించారు. అందులో ఇద్దరు వరదనాడు ఒక గదిలో పడుకున్నవారే. కాలేజీలో మొదటి రోజట. దారిలో ఎక్కడ ఆకలేస్తుందోనని కోయగూడెం తల్లి ఇద్దరికీ కలిపి ఒకే డబ్బాలో అన్నం పెట్టి పంపింది.