రాళ్లు నడిచాయి సరే, నడుస్తుండగా చూసిందెవరు?



సెలవుల్లో మీ ఫోన్ పిల్లల చేతిలో ఉన్నప్పుడు వాళ్లు ఏం చూస్తున్నారో గమనించారా? "సైన్సుకే అంతుపట్టని రహస్యాలు" తరహా వీడియోలంటే వాళ్లకు మహా ఇష్టం. బెర్ముడా ట్రయాంగిల్, పిరమిడ్లు, వాటి మధ్యలో ఎక్కడో ఒకచోట తమంతట తామే నడిచే రాళ్లు. వీడియో అయిపోగానే వంటింట్లోకి పరుగెత్తుకొచ్చి, "అమ్మా, రాళ్లు నడుస్తాయంట, ఏలియన్స్ పనంట, నిజమేనా?" అని అడుగుతారు.

అప్పుడు మన దగ్గర రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. "ఏమో నాన్నా, అయ్యుండొచ్చు" అనేది ఒకటి. "పిచ్చి వీడియోలు చూడకు, హోంవర్క్ చెయ్" అనేది రెండోది. రెండూ ప్రశ్నను అక్కడికక్కడే ఆపేస్తాయి. నిజానికి ఆ రాళ్ల సంగతి తేలి పదేళ్లు దాటింది. అది తేలిన తీరు వీడియో కన్నా బాగుంటుంది. ఈసారి అడిగితే ఇది చెప్పి చూడండి.

అమెరికాలోని కాలిఫోర్నియాలో డెత్ వ్యాలీ అనే నేషనల్ పార్క్ ఉంది. అందులో రేస్‌ట్రాక్ ప్లాయా అని ఒక ఎండిపోయిన సరస్సు. వేసవిలో నీళ్లింకిన మన చెరువు అడుగును ఊహించుకోండి. నెర్రెలు విచ్చిన బంకమట్టి, పళ్లెంలా చదునుగా, నాలుగు కిలోమీటర్లకు పైగా పొడవు. దాని మీద అక్కడక్కడా రాళ్లు. ఒక్కో రాయి వెనక మట్టిలో గీసినట్టు పొడవాటి చార. కొన్ని చారలు వందల మీటర్లు ఉంటాయి. కొన్ని పక్కపక్కనే సాగి, ఒకేచోట ఒకేలా మలుపు తిరుగుతాయి. చుట్టూ మనిషి అడుగు గానీ, జంతువు అడుగు గానీ, బండి చక్రం జాడ గానీ కనిపించదు.

ఇరవయ్యో శతాబ్దమంతా దీనిమీద వాదనలే. తడిసిన మట్టి జారుడుగా ఉన్నప్పుడు పెనుగాలి నెడుతోందని కొందరన్నారు. చలికాలంలో నీళ్లు గడ్డకట్టి, ఆ మంచు పలకే రాళ్లను పట్టుకుని లాక్కుపోతోందని ఇంకొందరన్నారు. సుడిగాలులన్నవారూ ఉన్నారు. ఏలియన్స్ వాదం ఎప్పుడూ ఉండనే ఉంది.

వీళ్లలో ఇద్దరి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. రాబర్ట్ షార్ప్, డ్వైట్ కేరీ అనే భూగర్భ శాస్త్రవేత్తలు ఏడేళ్ల పాటు ముప్పై రాళ్లను గమనించారు. గుర్తు కోసం ఒక్కోదానికీ ఒక్కో పేరు పెట్టారు. మంచు వాదాన్ని తేల్చడానికి ఒక ఉపాయం పన్నారు. రెండు రాళ్ల చుట్టూ కంచెలా మేకులు పాతారు. పెద్ద మంచు పలకే రాళ్లను కదిలిస్తోందంటే, అది మేకులకు తట్టుకుని ఆగిపోవాలి కదా! చలికాలం గడిచాక చూస్తే ఒక రాయి మేకుల సందులోంచి బయటికి వెళ్లిపోయింది, రెండోది అక్కడే ఉంది. దాంతో మంచు అక్కర్లేదు, గాలీ బురదా చాలునని 1976లో రాశారు. ఉపాయం చక్కనిదే, అయినా జవాబు సగమే సరైంది. ఈ సంగతి కూడా పిల్లలకు చెప్పండి. మన పరీక్ష పేపర్లలో ఇలాంటి పొరపాటుకు మార్కులు పోతాయి గానీ, సైన్సులో అది తర్వాతివాళ్లకు పనికొస్తుంది.

చిక్కల్లా ఒక్కటే. అన్నేళ్లలో రాయి కదులుతుండగా కళ్లతో చూసినవాళ్లు లేరు. అందరూ చారలు చూసి ఊహించినవాళ్లే.

రిచర్డ్ నోరిస్, జేమ్స్ నోరిస్ అనే దాయాదులు ఈ లోటు తీర్చాలనుకున్నారు. ఒకరు శాస్త్రవేత్త, ఒకరు ఇంజనీరు. అక్కడి రాళ్లకు రంధ్రాలు వేయడానికి పార్క్ వాళ్లు ఒప్పుకోరు కాబట్టి, బయటి నుంచి అలాంటివే 15 రాళ్లు తెచ్చారు. వాటిలో జీపీఎస్ పరికరాలు అమర్చి సరస్సు మీద పెట్టారు. రాయి కదిలితేనే జీపీఎస్ నమోదు మొదలయ్యేలా ఏర్పాటు చేశారు. గాలి వేగం కొలవడానికి ఒక వాతావరణ కేంద్రం నిలబెట్టారు. ఇక చేయాల్సింది ఎదురుచూడటమే. అలా రెండేళ్లు గడిచాయి.

2013 డిసెంబర్‌లో వాళ్లు వెళ్లేసరికి సరస్సులో కొంతమేర నీళ్లు నిలిచి ఉన్నాయి, కొన్ని అంగుళాల లోతు. రాత్రి చలికి పైన మంచు పేరుకుంది. డిసెంబర్ 20న ఎండ పడ్డాక ఆ మంచు చిటపటమని విరగడం మొదలైంది. మెల్లని గాలికి విరిగిన పలకలు నీటిమీద తేలుతూ రాళ్లకు ఆనుకుని నెట్టాయి. వాళ్ల కళ్లముందే రాళ్లు కదిలాయి. ఆ ఒక్కరోజే అరవైకి పైగా!

పెనుగాలి లేదు, మందపాటి మంచూ లేదు. మంచు మందం 3 నుంచి 6 మిల్లీమీటర్లు, అంటే కిటికీ అద్దమంత. గాలి వేగం సెకనుకు 4, 5 మీటర్లు, చెట్ల ఆకులు కదిలే గాలి. రాళ్ల వేగం నిమిషానికి 2 నుంచి 5 మీటర్లు. మన తాతయ్యల సాయంత్రపు నడక కన్నా చాలా నెమ్మది. చుట్టుపక్కల రాళ్లన్నీ కలిసి కదులుతుంటే దూరం నుంచి చూసేవాళ్లకు అసలు తెలియకపోవచ్చు కూడా. అంత పలచని మంచు మేకుల మధ్య ముక్కలై జారిపోగలదు. షార్ప్, కేరీల కంచె ఎందుకు మోసం చేసిందో ఇప్పుడు ఊహించుకోవచ్చు. 2014 ఆగస్టులో ఈ ఫలితాలు 'ప్లాస్ వన్' పత్రికలో వచ్చాయి.

దీన్ని మీ ఇంట్లోనే చిన్నగా చేసి చూపించవచ్చు. నోరిస్‌ల బృందంలోని రాల్ఫ్ లోరెంజ్ అనే శాస్త్రవేత్త, అంతకు ముందు తన వంటింట్లో చేసిన ప్రయోగమే ఇది. ప్లాస్టిక్ టిఫిన్ బాక్సులో ఒక చిన్న రాయి పెట్టి, దాని తల కాస్త పైకి ఉండేలా నీళ్లు పోసి ఫ్రీజర్‌లో పెట్టండి. గడ్డకట్టాక బయటికి తీసి తలకిందులు చేయండి. అడుగున ఇసుక పరిచిన నీళ్ల పళ్లెంలో వదలండి. మంచు తేలుతుంది, రాయి కింద ఇసుకను తాకుతూ ఉంటుంది. ఇప్పుడు పిల్లల్ని మెల్లగా నోటితో ఊదమనండి. ఇసుకలో చార పడుతుంది. రాయి మరీ పెద్దదైతే మంచు మునిగిపోతుంది, అప్పుడు ఎందుకు మునిగిందో వాళ్లనే చెప్పమనండి. డైనింగ్ టేబుల్ మీద వద్దు, బాల్కనీలో చేయించండి.

ఇంకో మాట. ఆ సరస్సు మీద సుమారు 300 కిలోల బండలు కూడా ఉన్నాయి, వాటి వెనకా చారలున్నాయి. అంత పెద్దవి కదలడం నోరిస్‌లు చూడలేదు. వాటిని కదిలించడానికి ఎంత మంచు, ఎంత గాలి కావాలో పిల్లలు మిమ్మల్ని అడిగితే, టిఫిన్ బాక్సు స్థానంలో పెద్ద డబ్బా తీయండి.