వాంతైన పది నిమిషాలకు

వాంతి చేసుకున్న మనిషికి మన ఇళ్లలో మొదట అందించేది గ్లాసెడు నీళ్లు. నోరు పుక్కిలించడానికి అవి కావాల్సిందే. కానీ అక్కడితో ఆగం. "పాపం, లోపల ఏమీ మిగల్లేదు, తాగెయ్" అని ఆ గ్లాసు ఖాళీ చేయిస్తాం. ఐదు నిమిషాల్లో ఆ నీళ్లూ బయటికొస్తాయి. "మంచినీళ్లు కూడా ఇమడటం లేదండీ" అంటూ ఆసుపత్రికి పరుగు తీస్తాం. అవే నీళ్లు కాసేపు ఆగి, చెంచాతో పోసి ఉంటే చాలామందికి నిలిచేవి. వాంతులప్పుడు ఇంట్లో చేయగలిగిన వైద్యంలో ముఖ్యమైనది ఈ ఓపికే.

వాంతి అంటే కడుపు తనంతట తాను తిరగబడటం అనుకుంటాం. నిజానికి ఆ క్షణంలో జీర్ణాశయం వదులుగా, ఊరికే ఉంటుంది. నెట్టేవి డయాఫ్రం, పొట్ట కండరాలు. ఆజ్ఞ వచ్చేది మెదడు అడుగున, వెన్నుపాము మొదలయ్యే చోట ఉండే మెడుల్లా నుంచి. ముందు నోట్లో నీళ్లు ఊరతాయి. పైకి రాబోయే ఆమ్లం పళ్లను తినేయకుండా ఒళ్లు చేసుకునే ఏర్పాటు అది. చిన్నపేగు పైభాగం తనలో ఉన్నదాన్ని వెనక్కి, జీర్ణాశయంలోకి తోస్తుంది. ఖాళీ కడుపుతో వాంతి చేసుకున్నప్పుడు పసుపుపచ్చటి చేదు నీళ్లు పడేది అందుకే. ఆ తర్వాతే ఊపిరి గొట్టం మూసుకుని, పొట్ట బిగుసుకుని, డోకు బయటపడుతుంది.

మెడుల్లాకు కబురు నాలుగు దారుల్లో వెళ్తుంది. పేగు గోడలో కొన్ని కణాలు ఉంటాయి. పాడైన తిండిలోని విషమో, వైరస్సో తగలగానే అవి సెరటోనిన్ అనే రసాయనాన్ని వదులుతాయి. ఒంట్లోని సెరటోనిన్‌లో 90 శాతానికి పైగా ఉండేది పేగుల్లోనే. అది పక్కనే ఉన్న వేగస్ నాడిని రెచ్చగొడితే నాడి మెదడుకు చెబుతుంది. జీర్ణాశయం ఒక్కసారిగా సాగినా ఇదే నాడి స్పందిస్తుంది. అప్పటికే రేగి ఉన్న కడుపులోకి గ్లాసెడు నీళ్లు దిగితే మళ్లీ వాంతి కావడానికి అదొక కారణం. రెండో దారి రక్తం. మెదడును రక్తంలోని విషాల నుంచి కాపాడే అడ్డుగోడ ఒకటి ఉంటుంది. మెడుల్లా దగ్గర ఒక చిన్న చోట మాత్రం ఆ గోడ పలచన. రక్తంలో తిరిగే మందులను, విషాలను, కొన్ని హార్మోన్లను అది పసిగడుతుంది. మూడోది లోపలి చెవి. తిరుమల ఘాట్‌లోనో అనంతగిరి మలుపుల్లోనో బస్సులో ఫోను చూస్తూ కూర్చుంటే, కళ్లు కదలిక లేదంటాయి, చెవి ఉందంటుంది. ఆ వైరుధ్యానికి వికారం మొదలవుతుంది. ముందు సీట్లో కూర్చుని దూరంగా రోడ్డుకేసి చూస్తే తగ్గుతుంది. నాలుగోది వాసన, భయం, జ్ఞాపకం.

ఎలుకలు వాంతి చేసుకోలేవు. అందుకని ప్రయోగశాలల్లో వాంతిని పరిశోధించేవాళ్లు వేరే జంతువును వెతుక్కోవలసి వచ్చింది. అలా వాళ్లకు ఉపయోగపడిన వాటిలో మన వంటిళ్లలో గోడవార పరిగెత్తే సూదిముక్కు చుంచు ఒకటి. దాన్ని కాసేపు అటూ ఇటూ ఊపినా వాంతి చేసుకుంటుంది.

ఇక చెంచా లెక్క. వాంతైన తర్వాత పది నిమిషాలు ఏమీ ఇవ్వకండి. తర్వాత ఓఆర్‌ఎస్ నీళ్లు ఒక చిన్న చెంచాడు, అంటే 5 ఎం.ఎల్. సిరప్ సీసాతో వచ్చే కొలత మూత ఉంటే ఇంకా మంచిది. చిన్నపిల్లలైతే పడుకోబెట్టి పోయకుండా ఒళ్లో కాస్త నిటారుగా కూర్చోబెట్టుకుని, గోడ గడియారం చూస్తూ రెండు నిమిషాలకు ఒకటి. నిలిస్తే నిమిషానికి ఒకటి. నిమిషానికి 5 ఎం.ఎల్. అంటే గంటకు 300 ఎం.ఎల్.; ఏడాది బిడ్డకు అది తక్కువేం కాదు. మధ్యలో మళ్లీ వాంతైతే మళ్లీ పది నిమిషాలు ఆగి, ఈసారి ఇంకా నెమ్మదిగా మొదలుపెట్టాలి. పోసిందంతా వచ్చేసినట్టు కనిపిస్తుంది గానీ కొంత పేగులోకి జారే ఉంటుంది. బిడ్డ దాహంతో గ్లాసు కోసం ఏడుస్తుంది. ఆ ఏడుపుకు కరిగిపోకుండా ఉండటమే కష్టం. రాత్రి రెండింటికి ఈ పని చేసే తల్లికి ఇంట్లో ఇంకొకరు తోడుండాలి. ఇది ఒక్కరి ఓపికతో అయ్యేది కాదు. తల్లిపాలు తాగే బిడ్డకు పాలు ఆపకూడదు. కొద్దికొద్దిగా, తరచుగా పట్టాలి.

నోటి ద్వారా ఇలా నీళ్లు పట్టే పద్ధతి బలమెంతో 1971లో తేలింది. బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో పశ్చిమ బెంగాల్‌లోని బొన్‌గావ్ దగ్గర శరణార్థుల్లో కలరా విరుచుకుపడింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, వంటసోడా, గ్లూకోజు కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పెట్టించి, రోగుల బంధువుల చేతే తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. కలరా రోగులకూ వాంతులవుతాయని గుర్తుంచుకోవాలి. 2023లో ఆయనకు మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించారు.

ఓఆర్‌ఎస్‌లో చక్కెర రుచి కోసం ఉండదు. పేగు గోడలో సోడియాన్నీ గ్లూకోజునూ జంటగా వస్తేనే లోపలికి రానిచ్చే ద్వారాలు ఉన్నాయి. ఆ జంట వెంట నీళ్లూ లోపలికి వెళ్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడు 1.5 గ్రాములు, సిట్రేటు 2.9 గ్రాములు. కూల్‌డ్రింకులో చక్కెర లీటరుకు సుమారు వంద గ్రాములు, ఉప్పు దాదాపు లేదు. అంత చక్కెర పేగులోకి నీటిని లాక్కుని విరేచనాలు పెంచుతుంది. "గ్యాస్ పోతుంది" అని సోడా, కోలా తాగించే అలవాటు పిల్లల విషయంలో పూర్తిగా మానుకోవాలి.

లీటరు ప్యాకెట్‌ను ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి. కొంచెం కొంచెంగా గ్లాసులో వేసుకుంటే ఏ గ్లాసులో ఎంత ఉప్పు పడిందో తెలియదు. 200 ఎం.ఎల్. చిన్న ప్యాకెట్లూ దొరుకుతాయి. ప్యాకెట్ మీద చూసి కలపండి. కలిపాక కాచకూడదు, 24 గంటలు దాటితే పారబోయాలి. కొనేటప్పుడు అట్టపెట్టె మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని ఉందో లేదో చూడాలి. ఓఆర్‌ఎస్ పేరు పెట్టుకుని తియ్యటి పానీయాలు చాలాకాలం మందుల షాపుల్లోనే అమ్ముడయ్యాయి. వాటి మీద హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకాన్ని నిషేధించింది. ఒక డాక్టరమ్మ పట్టుదల వల్ల దేశంలోని పిల్లలందరికీ జరిగిన మేలు ఇది.

ప్యాకెట్ దొరకని వేళ లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి కలపాలి. రుచి చూస్తే కన్నీళ్ల కంటే ఉప్పగా ఉండకూడదు. ఉప్పు ఎక్కువైతే పసిపిల్లలకు ప్రాణాపాయం, వాళ్లకు ప్యాకెట్టే సరి. పెద్దవాళ్లకు ఉప్పు వేసిన పలుచని గంజి, మజ్జిగ తేట బాగా పనిచేస్తాయి. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. అందుకని కొబ్బరినీళ్ల మీదే ఆధారపడకూడదు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు అసలు డాక్టరును అడగకుండా తాగకూడదు.

"లంఖణం పరమౌషధం" అన్న మాట కడుపుకు కొన్ని గంటల విశ్రాంతి వరకే. నీటికి ఆ మాట చెల్లదు. నాలుగైదు గంటలు వాంతి లేకుండా గడిచి ఆకలి వేస్తే ఇడ్లీ, మెత్తని చారన్నం, పెరుగన్నం కొద్దికొద్దిగా పెట్టొచ్చు. పోపు ఘాటు, వేపుడు వాసన ఆ గదికి రాకుండా చూడండి. వికారంగా ఉన్నప్పుడు ఫ్యాను గాలి, కిటికీ తెరవడం చిన్న విషయాల్లా కనిపిస్తాయి గానీ హాయినిస్తాయి. పెద్దవాళ్లు ఇంజెక్షన్ ముందు రుద్దే స్పిరిట్ దూదిని ముక్కు దగ్గర పెట్టుకుని రెండు మూడుసార్లు నెమ్మదిగా పీల్చినా వికారం తగ్గుతుందని ఆసుపత్రుల ఎమర్జెన్సీ విభాగాల్లో జరిగిన పరీక్షల్లో తేలింది. వాంతైన వెంటనే బ్రష్ చేయకండి, ఆమ్లం తగిలి మెత్తబడిన పంటి పూత అరిగిపోతుంది. నీళ్లలో చిటికెడు వంటసోడా వేసి పుక్కిలించి, అరగంట ఆగాలి.

అల్లం మీద మన నమ్మకం వమ్ము కాలేదు. ముఖ్యంగా వేవిళ్లలో రోజుకు గ్రాము శొంఠి పొడి దాకా ఇచ్చిన పరీక్షల్లో వికారం తగ్గింది. వేవిళ్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. "అందరికీ ఉండేదే, నువ్వే ఎక్కువ చేస్తున్నావు" అన్న మాట పడని కోడలు అరుదు. 2023 డిసెంబరులో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన ఆ మాటకు జవాబిచ్చింది. గర్భంలోని శిశువు, మాయ జీడీఎఫ్15 అనే హార్మోన్‌ను తల్లి రక్తంలోకి వదులుతాయి. అది పైన చెప్పిన, మెదడులో అడ్డుగోడ పలచగా ఉన్న చోటే పనిచేస్తుంది. గర్భానికి ముందు ఆ హార్మోన్ తక్కువగా ఉన్న ఆడవాళ్లకు అలవాటు లేక ఎక్కువ బాధ కలుగుతుంది. అంటే ఆమె కల్పించుకున్నదేమీ లేదు. నిద్ర లేచి మంచం దిగకముందే కాసిని మరమరాలో రస్కో తినడం, రోజంతా కొంచెం కొంచెంగా తినడం మేలు. డాక్టరు సలహాతో బి6 విటమిన్ వాడొచ్చు. బరువు తగ్గిపోతుంటే, మూత్రం బాగా తగ్గితే, ఏదీ ఇమడకపోతే ఆసుపత్రిలో చేర్చాలి. తొమ్మిది నెలలూ ఓర్చుకోమనకూడదు.

పెళ్లి భోజనం చేసిన రెండు మూడు గంటలకే నలుగురైదుగురు వాంతులు చేసుకుంటే, తిండిలో సూక్ష్మజీవులు అప్పటికే వదిలిన విషం కారణం కావచ్చు. వండి బయటే వదిలేసిన అన్నంలో పెరిగే ఒక బ్యాక్టీరియా విషం మళ్లీ వేడి చేసినా పోదు. ఇలాంటివి సాధారణంగా ఒక రోజులో సర్దుకుంటాయి.

వాంతుల మాత్రల్లో ఎక్కువగా వినిపించే ఆన్‌డాన్‌సెట్రాన్, సెరటోనిన్ వేగస్‌ను తాకకుండా అడ్డుకుంటుంది. పిల్లలకు డాక్టరు రాస్తే, బరువును బట్టి ఒక డోసు చాలాసార్లు సెలైన్ అవసరం తప్పిస్తుంది. గుండె లయ సమస్య ఉన్నవాళ్లు మాత్రం ముందే చెప్పాలి. పక్కింటివాళ్ల సిరప్ అంచనాగా పోయడం వద్దు. మెటోక్లోప్రమైడ్ పడక కొందరు పిల్లలకు, యువకులకు మెడ పక్కకు తిరిగిపోయి, కళ్లు పైకి తేలిపోతాయి; ఇంట్లోవాళ్లు హడలిపోతారు. రెండేళ్ల లోపు పిల్లలకు ప్రోమెథజైన్ అసలు వాడకూడదు.

బలవంతంగా కక్కించడం ఎప్పుడూ వద్దు. పురుగుమందు తాగినవాళ్లకు ఊళ్లలో ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు, పేడనీళ్లు పోస్తారు. ప్రాణం కాపాడాలన్న ఆత్రమే అది, కానీ స్పృహ తగ్గుతున్న మనిషికి ఆ నీళ్లు, ఆ వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కిరోసిన్ తాగిన బిడ్డను కక్కిస్తే ఊపిరితిత్తులు కాలిపోయినట్టవుతాయి. 108కి ఫోన్ చేయండి, మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి, మందు డబ్బా వెంట తీసుకెళ్లండి.

ఇంట్లో ఆగకూడని వేళలు ఇంకా ఉన్నాయి. పసిబిడ్డ ఆకుపచ్చగా కక్కితే పేగు మెలిపడి ఉండొచ్చు, గంటలు కూడా ఆగకూడదు. వాంతిలో రక్తం, కాఫీ పొడి లాంటి నలుపు, తలకు దెబ్బ తగిలాక వాంతి, భరించలేని తలనొప్పి ఉన్నా వెంటనే వెళ్లాలి. జ్వరంతో పాటు ఆగని వాంతులు, కడుపునొప్పి ఉంటే అది డెంగీ హెచ్చరిక కావచ్చు. యాభై దాటినవాళ్లకు చెమటలు పట్టి, పొట్ట పైభాగం బరువెక్కి వాంతైతే గ్యాస్ అనుకుని ఈనో కలపకుండా ఈసీజీ తీయించండి; గుండెపోటు ఈ రూపంలోనూ వస్తుంది. ఇన్సులిన్ వాడే చక్కెర రోగి, తినలేదని తనంతట తాను ఇన్సులిన్ మానేయకూడదు. గ్లిఫ్లోజిన్ రకం మాత్రలు వేసుకునేవాళ్లయితే చక్కెర మామూలుగా ఉన్నా రక్తం ఆమ్లమయం కావచ్చు, వాంతులు మొదలవగానే డాక్టరును అడగాలి. ఆరేడు గంటలు మూత్రం రాకపోయినా, ఏడ్చినా కన్నీళ్లు లేకపోయినా, కళ్లు లోతుకుపోయినా, పొట్ట మీద చర్మం చిటికెతో పట్టి వదిలితే వెంటనే సర్దుకోకపోయినా చెంచాతో ఆగే దశ దాటినట్టే.

పల్లెల్లో ఇంకొకటి తెలిసి ఉండాలి. నేల మీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతులతో లేచి, కాసేపటికి కనురెప్పలు వాలిపోతుంటే కట్లపాము కాటు కావచ్చు. దాని కోరలు చిన్నవి, గాటు కనబడదు, నొప్పి తెలియదు. నిన్నటి తిండి పడలేదనుకుని ఇంట్లో ఉంచితే కొన్ని గంటల్లో ఊపిరి ఆగిపోతుంది. విషం విరుగుడు మందు, వెంటిలేటరు ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లాలి.

ఇంట్లోనే తగ్గే మామూలు వైరస్ వాంతుల్లో మిగిలేది శుభ్రం చేసే పని. నోరోవైరస్‌కు శానిటైజర్ అంతగా పనిచేయదు. సబ్బుతో చేతులు రుద్ది కడగాలి, వాంతి పడ్డ చోటును బ్లీచింగ్ నీళ్లతో తుడవాలి, దుప్పట్లు విడిగా వేడినీళ్లలో ఉతకాలి. వాంతులు ఆగాక కూడా రెండు రోజులు ఆ మనిషి ఇంట్లోవాళ్లకు వండకుండా, వడ్డించకుండా ఉండాలి. పిల్లలైతే బడికి వెళ్లకూడదు.