పాత సైకిలు తుక్కుకే పోవాలా?

కోల్‌కతా: పాత కార్లను ఆదరించడంలో ఈ నగరానికి పెద్ద పేరే ఉన్నది. స్టేట్స్‌మన్ పత్రిక 1968లో ప్రారంభించిన వింటేజ్ కార్ల ర్యాలీ దేశమంతటా ప్రసిద్ధి పొందింది. అయితే ఇదే నగరంలో పాత సైకిలుకు అటువంటి మర్యాద దక్కడం లేదు. మెట్ల కింద ఏళ్ల తరబడి దుమ్ము పట్టిన సైకిలు చివరకు పాత ఇనుము వ్యాపారి తక్కెడకు చేరుతున్నది. ఆ తూకంలో దాని పేరుకుగాని, పుట్టిన ఊరికిగాని విలువ లేదు.

విదేశాలలో పరిస్థితి వేరు. అమెరికాలో చికాగోకు చెందిన ష్విన్ కంపెనీ 1963లో స్టింగ్ రే అనే బాలల సైకిలును విడుదల చేసింది. చిన్న చక్రాలు, పొడవాటి అరటిపండు ఆకారపు సీటు, కొమ్ముల వలె పైకి లేచిన హ్యాండిల్ దాని ప్రత్యేకతలు. మోటారు సైకిళ్ల ఠీవిని అనుకరించిన ఈ తరహా బళ్లకు మజిల్ బైకులనే పేరు స్థిరపడింది. దీనికి పోటీగా బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్‌కు చెందిన రాలీ కంపెనీ చాపర్‌ను తయారుచేసి 1969లో అమెరికాలోను, 1970లో స్వదేశంలోను అమ్మకానికి పెట్టింది. ముందు 16 అంగుళాల చక్రం, వెనుక 20 అంగుళాల చక్రం, కార్లలో వలె గేరు మార్చే పిడి పిల్లలను ఆకర్షించాయి. వెనుక బరువు ఎక్కువై ముందు చక్రం పైకి లేస్తున్నదన్న విమర్శలు రాగా, 1972లో సీటును ముందుకు జరిపి మార్పులు చేశారు. లోపాలున్నప్పటికీ చాపర్ లక్షల సంఖ్యలో అమ్ముడుపోయింది. నేడు తుప్పు పట్టిన చాపర్ దొరికినా అభిమానులు కొని బాగుచేసుకుంటున్నారు. కంపెనీ సైతం 2023లో దానిని పరిమిత సంఖ్యలో మళ్లీ విడుదల చేయడం గమనార్హం.

బెంగాల్‌తో బంధం

చాపర్‌ను తయారుచేసిన రాలీ కంపెనీకి బెంగాల్‌తో సన్నిహిత సంబంధం ఉన్నది. కలకత్తాలో సైకిళ్ల వ్యాపారం చేసిన సుధీర్ కుమార్ సేన్ రాలీతో చేతులు కలిపి, అసన్‌సోల్ సమీపంలోని కన్యాపూర్‌లో సేన్ రాలీ కర్మాగారాన్ని స్థాపించారు. 1952లో అక్కడ ఉత్పత్తి ఆరంభమైంది. అంతకు పూర్వమే, 20వ శతాబ్ది తొలి సంవత్సరాలలో, కుంతలీన్ తలనూనెతో పేరు పొందిన హేమేంద్రమోహన్ బోస్ ఈ నగరంలో సైకిళ్ల దుకాణం నడిపారు. శాస్త్రవేత్తలు జగదీశ్ చంద్ర బోస్, ప్రఫుల్ల చంద్ర రాయ్‌లకు సైకిలు తొక్కడం నేర్పినది ఆయనే. 1926లో కలకత్తా నుంచి సైకిలుపై బయలుదేరి ప్రపంచాన్ని చుట్టి 1937లో తిరిగివచ్చిన బిమల్ ముఖర్జీ కూడా ఈ నగరానికి చెందినవారే.

రాలీ పేరు తెలుగువారికి కొత్త కాదు. అల్లుడికి సైకిలు, చేతి గడియారం పెట్టడం గొప్పగా భావించిన రోజులలో రాలీ సైకిలుకు ఎంత విలువ ఉండేదో పెద్దవారికి తెలుసు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపుకు తరలివచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కూడా సైకిలే నిత్య వాహనంగా ఉండేది.

కాగా కన్యాపూర్ కర్మాగారం వైభవం ఎంతో కాలం సాగలేదు. కష్టాలలో చిక్కుకున్న సంస్థను 1980లో కేంద్ర ప్రభుత్వం జాతీయం చేసి సైకిల్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాగా మార్చింది. అయినా నష్టాలు ఆగలేదు, కర్మాగారం మూతపడింది. పరిశ్రమ కేంద్రం లూధియానాకు మారింది. 1956లో అక్కడ ఆరంభమైన హీరో సైకిల్స్ 1986లో ప్రపంచంలోనే అత్యధికంగా సైకిళ్లు తయారుచేసే సంస్థగా గిన్నిస్ గ్రంథంలో స్థానం పొందింది. కన్యాపూర్‌లో కొత్తగా తయారయ్యే సైకిలు ఇక లేదు. ఉన్నవాటిని కాపాడుకోవడమే మిగిలింది.

బాగుచేయడం ఎలా?

శిథిలావస్థలో దొరికిన సైకిలుకు మొదట కావలసినది రంగు కాదు, పరిశీలన. ఫ్రేముపై నంబరు, ముందు భాగాన బిళ్ల, చైను చక్రంలో కోసిన బొమ్మ దాని వంశాన్ని చెబుతాయి. మూడు గేర్ల స్టర్మీ ఆర్చర్ హబ్బు ఉన్నట్లయితే దానిపై తయారైన సంవత్సరం అంకెలలో ముద్రించి ఉండవచ్చు. దుమ్ము, జిడ్డు తుడిచిన పిదప కింద అసలు రంగు, బంగారు గీతలు మిగిలి ఉంటే వాటిని గీకివేయరాదు. కొత్త రంగు ఎప్పుడైనా వేయవచ్చును కాని, పోయిన పాత రంగును ఎవరూ తిరిగి తేలేరు. పాత రంగులలో సీసం ఉండే అవకాశం ఉన్నందున, తప్పనిసరిగా గీకవలసి వచ్చినప్పుడు తడిపి గీకడం క్షేమం.

పెడలు కడ్డీని ఇరుసుకు బిగించే కాటర్ పిన్ను తరచుగా మొండికేస్తుంది. ముందు రోజే పలుచని నూనె పట్టించి, కడ్డీకి కింద గట్టి ఆధారం పెట్టి, నట్టును పూర్తిగా తీయకుండా దెబ్బ వేయాలి. ఆధారం లేకుండా కొడితే ఆ దెబ్బ బేరింగు గుండ్లపై పడుతుంది. క్రోమియం పూతపై తేలికపాటి తుప్పును తడిపిన అల్యూమినియం రేకుతో రుద్ది తొలగించవచ్చు. గేర్ల హబ్బులో చిక్కని గ్రీజు దట్టించడం పొరపాటు, పలుచని నూనె నాలుగు చుక్కలు చాలు. తీగ సరిగా బిగించకపోతే రెండవ, మూడవ గేర్ల నడుమ పెడలు పట్టు తప్పి తొక్కేవాడు పడిపోయే ప్రమాదం ఉన్నది.

విడిభాగాల విషయంలో మరొక చిక్కు ఉన్నది. నాటింగ్‌హామ్‌లో తయారైన పలు రాలీ సైకిళ్ల ఇరుసు గిన్నెలకు అంగుళానికి 26 మరలుండగా, ఇతర కంపెనీలు 24 మరలను అనుసరించాయి. కొలత చూడకుండా బలవంతంగా బిగిస్తే ఫ్రేమే పాడవుతుంది. నల్ల రోడ్‌స్టర్లకు మాత్రం ఒక అదృష్టం ఉన్నది. వాటికి సరిపోయే 28 అంగుళాల టైర్లు, కడ్డీల బ్రేకుల భాగాలు మన దేశంలో ఇంకా తయారవుతున్నాయి.

ఎవరి కోసం?

ఇంత శ్రమపడి బాగుచేసిన సైకిలును ఎక్కడ తొక్కాలన్న ప్రశ్న కూడా లేకపోలేదు. కోల్‌కతా పోలీసులు 2013లో 174 రోడ్లపై సైకిళ్లను నిషేధించారు. పాలు, పత్రికలు, కూరగాయలు మోసి బతికేవారి నుంచి నిరసనలు వెల్లువెత్తగా ఆ సంఖ్యను 62కు తగ్గించారు. విచిత్రమేమంటే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సైకిలు గల కుటుంబాల శాతంలో పశ్చిమ బెంగాల్‌దే ప్రథమ స్థానం. దేశ సగటు 50.4 శాతం కాగా ఇక్కడ 78.9 శాతం. 2015లో ఆరంభమైన సబుజ్ సాథీ పథకం కింద రాష్ట్ర ప్రభుత్వం 9 నుంచి 12 తరగతుల విద్యార్థులకు సైకిళ్లు పంపిణీ చేసింది. ఒక చేత్తో సైకిలు ఇచ్చి, మరొక చేత్తో రోడ్డు మూసినట్లయింది.

పాత సైకిలును బాగుచేయడం లాభసాటి వ్యాపారం కాకపోవచ్చు. కూలీ, విడిభాగాల ఖర్చు కలిపితే కొత్త బండి ధరకు దగ్గర పడవచ్చు. అయితే మూతపడిన కర్మాగారంలో కార్మికుల చేతుల మీదుగా వచ్చిన వస్తువు అది. ఆ కుటుంబంలో ఒక తరాన్ని ఉద్యోగానికి, మరొక తరాన్ని బడికి చేర్చినది అదే. పాత ఇనుము వాడు గుమ్మం ముందు కేక వేసినప్పుడు మెట్ల కింది సైకిలును బయటకు లాగేముందు, దాని ముందు భాగంలోని బిళ్లను ఒకసారి తుడిచి చూడడం మంచిది.