జేబులో బుల్‌డాగ్‌!

*జానెడు పొడవుండదు. పట్టేది ఐదే తూటాలు. కానీ ఒక్కో గుండూ తులానికి పైనే తూగుతుంది. నూటయాభై ఏళ్లనాటి ఈ పొట్టి రివాల్వర్ల కోసం ఇప్పటికీ ప్రాణం పెట్టే సేకర్తలున్నారు. వాటిని చూసి భయపడి చట్టాలు మార్చిన ప్రభుత్వాలూ ఉన్నాయి.*

1881 జూన్‌. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో ఓ తుపాకుల దుకాణం. చేబదులు డబ్బుతో వచ్చిన ఛార్లెస్‌ గిటో అనే వ్యక్తి ముందు రెండు రివాల్వర్లున్నాయి. రెండూ ఒకే రకం. ఒకదానిది చెక్క పిడి, ఇంకోదానిది దంతపు పిడి. ధరలో తేడా ఒక్క డాలరు. ఏది తీసుకోవాలా అని గిటో చాలాసేపు తటపటాయించాడట. అతని లెక్క వేరు... ‘రేపు దీన్ని మ్యూజియంలో పెడతారు కదా, దంతపు పిడిదైతే చూడటానికి బాగుంటుంది’ అని!

అనుకున్నంతా చేశాడు. ఆ ఏడాది జులై 2న రైల్వేస్టేషన్‌లో దేశాధ్యక్షుడు జేమ్స్‌ గార్‌ఫీల్డ్‌ను వెనకనుంచి కాల్చాడు. రెండు గుళ్లలో ఒకటి చేతిని రాసుకుపోయింది. ఇంకోటి వీపులోంచి దూసుకెళ్లి కడుపు లోపల ఎక్కడో ఆగిపోయింది. దాన్ని వెతకడానికి డాక్టర్లు కడగని వేళ్లూ పరికరాలూ గాయంలోకి పోనిచ్చారు. టెలిఫోన్‌ కనిపెట్టిన గ్రహంబెల్‌ అప్పటికప్పుడు లోహాన్ని పసిగట్టే యంత్రాన్ని తయారుచేసి తెచ్చినా గుండు ఆచూకీ దొరకలేదు. గార్‌ఫీల్డ్‌ రెండున్నర నెలలు నరకం చూసి సెప్టెంబరు 19న చనిపోయాడు. తూటా చేసిన గాయంకన్నా డాక్టర్లు ఎక్కించిన చీమే ఆయన్ని చంపిందని ఇప్పటి వైద్యులు చాలామంది అంటారు.

ఇంతకీ గిటో చేతిలో ఉన్నది ‘బ్రిటిష్‌ బుల్‌డాగ్‌’. పాతకాలపు పొట్టి రివాల్వర్లు సేకరించేవారి జాబితాలో ముందు వరసలో ఉండే పేరు అదే.

పోలీసు నడుము నుంచి కోటు జేబుకి

కథ మొదలైంది ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో. అక్కడ ఫిలిప్‌ వెబ్లీ అండ్‌ సన్‌ అనే కంపెనీ 1860ల్లో ఓ బలమైన రివాల్వర్‌ తయారుచేసింది. 1868లో దాన్ని రాయల్‌ ఐరిష్‌ కాన్‌స్టాబ్యులరీ, అంటే ఐర్లండు పోలీసు దళం తీసుకుంది. ఆ దళం పేరే దానికి స్థిరపడిపోయింది. సేకర్తలు ఇప్పటికీ ‘ఆర్‌ఐసీ’ అనే పిలుస్తారు. పోలీసులకది బాగానే ఉంది. మరి మామూలు మనిషి మాటేమిటి? చీకటిపడ్డాక ఇంటికెళ్లే వ్యాపారి, గుర్రపుబండిలో ఊళ్లు తిరిగే డాక్టరు... వాళ్లు నడుముకి తోలు తొడుగు కట్టుకుని తిరగలేరు కదా! వాళ్లకోసం 1872లో వెబ్లీ ఆ రివాల్వర్నే కుదించింది. గొట్టం రెండున్నర అంగుళాలు, మొత్తం పొడవు ఐదున్నర అంగుళాలు. కోటు జేబులో పెట్టుకుంటే పైకి కనిపించదు. మెడ పొట్టి, మూతి వెడల్పు... బుల్‌డాగ్‌ అన్న పేరు భలే కుదిరింది.

చిన్న తుపాకీ అంటే చిన్న తూటా అనుకుంటాం. ఇక్కడ అలా కాదు. బుల్‌డాగ్‌లో మొదట వాడినవి పాయింట్‌ 442, పాయింట్‌ 450 తూటాలు. అంటే గుండు అడ్డం సుమారు 11 మిల్లీమీటర్లు. మన దేశంలో లైసెన్సున్నవాళ్ల దగ్గర ఎక్కువగా కనిపించే పాయింట్‌ 32 రివాల్వర్‌ గుండు ఎనిమిది మిల్లీమీటర్లే. బరువు తీసుకుంటే బుల్‌డాగ్‌ గుండు 13 గ్రాములు, దానికి రెట్టింపు!

అంత లావు దేనికి? సమాధానం మందులో ఉంది. ఆ రోజుల్లో తూటాల్లో కూరేది గంధకం, సురేకారం, బొగ్గు కలిపిన నల్లమందు. పొగ ఎక్కువ, ఊపు తక్కువ. అందులోనూ గొట్టం రెండున్నర అంగుళాలే అయితే గుండుకి వేగం అందుకునే సమయం ఏదీ? సెకనుకి రెండొందల మీటర్లకి అటూ ఇటూ, అంతే. వేగం పెంచడం కుదరనప్పుడు మిగిలిన దారి బరువు పెంచడమే. విసిరే చెయ్యి అదే అయినప్పుడు గులకరాయి బదులు బెడ్డ అందుకోవడంలాంటిదన్నమాట. 1880ల చివర్లో పొగరాని మందు వచ్చి ఈ లెక్కల్ని తిరగరాసింది. చిన్న గుండుకీ పెద్ద వేగం సాధ్యమైంది. అప్పటినుంచే లావు గొట్టాల పొట్టి రివాల్వర్లు మెల్లగా పక్కకి జరిగాయి.

ఆ పాత పనితనం చేతిలోకి తీసుకున్నాకే అర్థమవుతుందంటారు అభిమానులు. సిలిండర్‌ పక్కకి తెరుచుకోదు. కుడివైపు చిన్న తలుపులాంటిది తీసి తూటాలు ఒక్కొక్కటే ఎక్కించాలి. కాల్చాక ఖాళీ తొడుగుల్ని సన్నటి కడ్డీతో ఒక్కొక్కటే బయటికి పొడవాలి. ఐదు అయిపోతే మళ్లీ నింపుకునే తీరిక ఎవరిస్తారు? అందుకే ఇది యుద్ధానికి కాదు, గది అవతలి గోడకన్నా దూరంలో ఉన్నవాడి కోసమూ కాదు.

అసలేది... నకిలీ ఏది?

పేరొచ్చిందంటే నకళ్లు తప్పవు. బెల్జియంలోని లీజ్‌ పట్టణం అప్పట్లో తుపాకుల తయారీకి పుట్టినిల్లు. అక్కడి కార్ఖానాలు బుల్‌డాగ్‌లను గుట్టలుగా పోశాయి. అమెరికాలో ఫోర్‌హ్యాండ్‌ అండ్‌ వాడ్స్‌వర్త్‌, ఐవర్‌ జాన్సన్‌లాంటి కంపెనీలూ అదే దారి పట్టాయి. దాంతో ‘బుల్‌డాగ్‌’ అంటే ఒక కంపెనీ సరుకు కాదు, ఒక రకం అన్నట్టయిపోయింది.

ఈ గందరగోళమే సేకర్తలకి పండగ. ముందు భూతద్దం తీసి ముద్రలు చూస్తారు. కిరీటం కింద అడ్డదిడ్డంగా రెండు రాజదండాలు, బీపీసీ అక్షరాలు ఉంటే బర్మింగ్‌హామ్‌ పరీక్ష దాటినట్టు. కోడిగుడ్డు ఆకారంలో ఈఎల్‌జీ అనే మూడక్షరాలు, ఓ నక్షత్రం ఉంటే లీజ్‌లో పరీక్షించిందని అర్థం. దానిపైన కిరీటం కూడా ఉంటే 1893 తర్వాతది. రెక్కలున్న తూటా బొమ్మ వెబ్లీ సొంత గుర్తు. ఒక్క చిన్న బొమ్మతో ధర ఎన్నో రెట్లు మారిపోతుంది.

తర్వాత చూసేది పైపూత. ఇంట్లో పాత ఇత్తడి గిన్నెకి కళాయి వేయిస్తే అందరూ మెచ్చుకుంటారు. ఇక్కడ అలాంటి పని చేస్తే తల పట్టుకుంటారు. నూటయాభై ఏళ్ల గీతలూ మచ్చలూ దాని వయసుకి సాక్ష్యాలు. వాటిని రుద్ది కొత్తగా నికెల్‌ పూత వేయిస్తే మెరుస్తుంది కానీ విలువ పడిపోతుంది. నల్లమందు మసి తేమని పీల్చి గొట్టం లోపల గుంటలు పెడుతుంది కాబట్టి అక్కడా టార్చి వేసి చూస్తారు. హ్యామర్‌ వెనక్కి లాగినప్పుడు సిలిండర్‌ గది గొట్టానికి సూటిగా వచ్చి నిలవాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా అది అలమరలో ఉండాల్సిందే. నిజానికి బాగున్నదాన్నీ కాల్చకపోవడమే మేలు. ఇప్పటి తూటాల ఒత్తిడికి ఆ కాలపు ఇనుము తట్టుకోకపోవచ్చు.

ఇక ప్రముఖుల చేతిలో మెరిసినవైతే చెప్పక్కర్లేదు. 1876 జూన్‌ 25న లిటిల్‌ బిగ్‌హార్న్‌ దగ్గర సూ, చెయెన్‌ వీరుల చేతిలో చనిపోయిన అమెరికా సైన్యాధికారి కస్టర్‌ దగ్గర తెల్ల పిడుల ఇంగ్లీషు బుల్‌డాగ్‌లు రెండు ఉండేవని ఆయన దళంలోనే పనిచేసిన గాడ్‌ఫ్రే రాశాడు. కాదు, అవి ఆర్‌ఐసీలని కొందరు వాదిస్తారు. తేల్చడానికి ఆ జత దొరికితే కదా!

వీటికో బుల్లి తమ్ముడూ ఉన్నాడు. ఫ్రాన్స్‌లో సైకిళ్ల మోజు మొదలయ్యాక దారిలో వెంటపడే కుక్కల్ని బెదరగొట్టడానికి ‘వెలోడాగ్‌’ అనే రివాల్వర్‌ వచ్చింది. అది సన్నటి గుండు రకమే కాబట్టి ఈ కుటుంబంలోకి రాదు. కానీ సైకిలు తొక్కడానికి రివాల్వర్‌ అవసరమైన కాలం ఒకటుందంటే నవ్వొస్తుంది.

మళ్లీ పుట్టిన బుల్‌డాగ్‌

ఇరవయ్యో శతాబ్దంలో ఈ పిచ్చి అమెరికాకి మారింది. కోల్ట్‌ కంపెనీ ఉద్యోగి జాన్‌ హెన్రీ ఫిట్జ్‌గెరాల్డ్‌ 1920ల్లో పెద్ద రివాల్వర్లను తీసుకుని రంపం పట్టాడు. గొట్టాన్ని రెండంగుళాలకి కోశాడు. జేబులో చిక్కుకోకుండా హ్యామర్‌ కొమ్ము తీసేశాడు. వేలు త్వరగా పడాలని ట్రిగ్గర్‌ ముందుండే కాపు కమ్మీని సగం నరికేశాడు. పాయింట్‌ 45 రివాల్వర్ని అలా మార్చి జేబులో వేసుకు తిరిగేవాడాయన. ‘ఫిట్జ్‌ స్పెషల్‌’ అనే ఈ రకం చాలా కొద్దిగానే తయారైంది. కాబట్టి ఇవాళ సేకర్తలకి బంగారం. అయితే కాపులేని ట్రిగ్గర్‌ ఉన్న తుపాకీని జేబులో పెట్టుకోవడం ఎంత తెలివైన పనో ఆలోచించాల్సిందే. అలమరలో ముచ్చటగా ఉండే ప్రతిదీ జేబులో పెట్టుకోదగ్గది కాదు.

దానికి జవాబుగా అన్నట్టు 1973లో ఛార్టర్‌ ఆర్మ్స్‌ కంపెనీ కొత్త ‘బుల్‌డాగ్‌’ని తెచ్చింది. పాయింట్‌ 44 స్పెషల్‌ తూటాలు ఐదు. మూడంగుళాల గొట్టం. బరువు మాత్రం అరకిలోకి కాస్త పైన. కిందపడ్డా పేలకుండా లోపల ఏర్పాటు. తేలికగా ఉంటుంది కాబట్టి మోసేవాడికి హాయి, కాల్చేవాడికి అరచెయ్యి మంట! అంత తేలిక తుపాకీలోంచి అంత బరువు గుండు వెళ్తే ఆ తన్ను చేతికే కదా తగిలేది.

అమ్మకాలు బాగా ఊపందుకున్న రోజుల్లోనే దానికో మచ్చ పడింది. 1976 జులై నుంచి ఏడాదిపాటు న్యూయార్క్‌లో రాత్రిపూట కార్లలో కూర్చున్న యువతీయువకుల్ని ఎవరో కాల్చి చంపడం మొదలుపెట్టాడు. పేరు తెలియక పత్రికలు ‘పాయింట్‌ 44 క్యాలిబర్‌ హంతకుడు’ అన్నాయి. ఆరుగురు బలయ్యాక 1977 ఆగస్టు 10న డేవిడ్‌ బెర్కోవిట్జ్‌ దొరికాడు. అతని దగ్గరున్నది ఛార్టర్‌ ఆర్మ్స్‌ బుల్‌డాగే. పనితనం చూసి మురిసిపోయే సేకర్తలు ఈ ప్రస్తావన వస్తే కాస్త ఇబ్బంది పడతారు. పడాలి కూడా. జేబులో దాగాలని తయారుచేసిన వస్తువు మంచివాడి జేబులోనే దాగుతుందన్న హామీ ఎప్పుడూ లేదు.

ఒక్క రోజులో మారిన హోదా

అమెరికా కేంద్ర చట్టం ప్రకారం 1898లోపు తయారైనవి పురాతన వస్తువులు. మామూలు తుపాకులకున్న నిబంధనలు చాలావరకూ వాటికి వర్తించవు. ఇంగ్లండు పద్ధతి వేరు. 1997 తర్వాత అక్కడ చేతితుపాకులు దాదాపు పూర్తిగా నిషేధం. కానీ తూటాలు తయారవని పాత కొలతల జాబితా ఒకటి ఉండేది. ఆ కొలత తుపాకీని అలంకారంగా లైసెన్సు లేకుండానే ఇంట్లో పెట్టుకోవచ్చు. అందుకే పాయింట్‌ 442 బుల్‌డాగ్‌లంటే బ్రిటిష్‌ సేకర్తలకి అంత ప్రేమ. గోడగడియారంలా షోకేసులో ఉండేది.

నేరగాళ్లు ఊరుకుంటారా? తూటాలు దొరక్కపోతే ఇంట్లో తయారుచేసుకోవడం మొదలుపెట్టారు. నూటయాభై ఏళ్ల రివాల్వర్లు కాల్పుల కేసుల్లో తేలసాగాయి. దాంతో 2021 మార్చి 22 నుంచి ఏడు కొలతల్ని ఆ జాబితాలోంచి తీసేశారు. పాయింట్‌ 442 అందులో ఒకటి. ముందు రోజుదాకా పురాతన వస్తువు, తెల్లారేసరికి మారణాయుధం! అనుమతి తెచ్చుకోవడానికో, అమ్ముకోవడానికో, పోలీసులకి అప్పగించడానికో ఆరు నెలలు గడువిచ్చారు. బర్మింగ్‌హామ్‌లో పుట్టిన బుల్‌డాగ్‌కి పుట్టినగడ్డ మీదే కాగితాలు అవసరమయ్యాయి.

తాతగారి వెబ్లీ

మన దగ్గర వెబ్లీ పేరు వినని పాతతరం పోలీసులుండరు. బ్రిటిష్‌వాళ్లు వెళ్లినా ఆ నమూనా వెళ్లలేదు. కాన్పూరు ఆయుధ కర్మాగారం తయారుచేసిన పాయింట్‌ 32 రివాల్వర్‌కి మూలం వెబ్లీ మార్క్‌ 4. 2014లో మహిళల కోసమంటూ వచ్చిన ‘నిర్భీక్‌’దీ ఆ వంశమే. పాయింట్‌ 455లాంటి పెద్ద కొలతలు మన చట్టంలో నిషేధిత జాబితాలో ఉన్నాయి కాబట్టి లావు గుండు ముచ్చట ఇక్కడ సామాన్యుడికి తీరేది కాదు. పైగా 1980ల మధ్య నుంచి వ్యక్తిగత దిగుమతులు ఆగిపోవడంతో దేశంలో అప్పటికే ఉన్న విదేశీ పాయింట్‌ 32లకి రెక్కలొచ్చాయి. చిన్న వెబ్లీ స్కాట్‌ రివాల్వర్‌ కూడా చేతులు మారేటప్పుడు లక్షల్లో పలుకుతుంది.

పాతది కదా, లైసెన్సు ఎందుకనుకుంటే పొరపాటే. 1959 ఆయుధాల చట్టం మినహాయింపు ఇచ్చేది కాలం చెల్లిన వాటిలోనూ మరమ్మతు చేసినా పేలని వాటికే. పేలేదైతే, పేల్చేలా బాగుచేయగలిగేదైతే వయసు వందేళ్లయినా కాగితం ఉండాల్సిందే. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండే ఆయుధాలు. అంతకుముందు మూడుండొచ్చు. వారసత్వంగా వచ్చినదీ ఆ లెక్కలోదే. దాంతో మూడు ఉన్న ఇళ్లలో ఏది వదులుకోవాలన్న ప్రశ్న వచ్చింది. వాడుకలో ఉన్నదాన్నా, తాతగారి జ్ఞాపకాన్నా?

ఉంచుకున్నా దానికి తీరిక లేదు. ఎన్నికల నోటిఫికేషన్‌ వచ్చిందంటే తెలుగు రాష్ట్రాల్లో లైసెన్సు తుపాకులన్నీ పోలీస్‌స్టేషన్‌ దారి పడతాయి. పాత పట్టుగుడ్డలో చుట్టిన వెబ్లీ కూడా వాటితోపాటే వెళ్లి, రసీదు రాయించుకుని, ఫలితాలు వచ్చేదాకా స్టేషన్‌లో ఉండి వస్తుంది.

అన్నట్టు, గిటో రివాల్వర్‌ సంగతి చెప్పలేదు కదూ... అతన్ని 1882 జూన్‌ 30న ఉరితీశారు. అతను కోరుకున్నట్టే రివాల్వర్‌ స్మిత్సోనియన్‌ సంస్థకి చేరింది. అక్కడ దానికి ఫొటో కూడా తీశారు. ఆ తర్వాత అది కనిపించకుండా పోయింది. ఇప్పుడు మిగిలింది ఫొటో ఒక్కటే.