మీకు తెలుసా? దొంగలు రెట్టింపైతే వేలిముద్ర నాలుగింతలు

దొంగ కాపీ తయారీకి ఇద్దరికి బదులు నలుగురు కుమ్మక్కైతే, వారిని పట్టించే డిజిటల్ వేలిముద్ర పొడవు రెట్టింపైతే చాలదు, నాలుగింతలు కావాలి.

● థియేటరులో ఆడే సినిమా బొమ్మలో కంటికి ఆనకుండా పొదిగే, ఆ థియేటరుకే ప్రత్యేకమైన సున్నాలు, ఒకట్ల వరుసను డిజిటల్ వేలిముద్ర అంటారు. రాజమహేంద్రవరంలోనూ భీమవరంలోనూ తీసిన రెండు దొంగ కాపీలను పోల్చి, తేడా ఉన్నచోట దీనిలో కొంత, దానిలో కొంత అతికిస్తే ఏ ముద్రా పూర్తిగా మిగలదు కాని, రెండింటిలోనూ ఒకేలా ఉన్న అంకెలు మాత్రం చెక్కుచెదరవు.

● ఇలాంటి వేలిముద్రలను రూపొందించడానికి హంగేరీ గణితవేత్త గాబోర్ టార్డోష్ 2003లో ప్రకటించిన సంకేతంలో, కుమ్మక్కైనవారు ఎక్కువ కాపీల్లో ఉన్న అంకెను ఎంచుకున్నా, తక్కువ కాపీల్లో ఉన్నదాన్ని ఎంచుకున్నా, గుడ్డిగా కలగలిపినా, ఏ పాపమూ ఎరుగని అమలాపురం థియేటరుపై నింద పడే సంభావ్యత ముందుగా విధించిన హద్దును దాటదు. ఆ హద్దును పది లక్షల్లో ఒక వంతుగా పెట్టుకుంటే, ఇద్దరు దొంగలకు 5,600, నలుగురికి 22,400 బిట్లు, అంటే అన్ని సున్నాలు, ఒకట్లు కావాలి.

● హాలీవుడ్ స్టూడియోల డిజిటల్ సినిమా ప్రమాణం ప్రకారం ప్రతి 5 నిమిషాల భాగంలో థియేటరునూ ప్రదర్శన సమయాన్నీ తెలిపే 35 బిట్లు ఉండాలి. ఆ వేగంతో 5,600 బిట్లు పట్టాలంటే 13 గంటలకు పైగా సాగే సినిమా కావాలి. ఈ సంకేతాన్ని కుదించడానికి తర్వాతి పరిశోధకులు శ్రమించారు.